రెండున్నర సేర్ల గేరు

మామిడికాయ ముక్కలు ఆరబెట్టుకుందామని నేను దులిపి ఉంచుకున్న చాప మీద మా ఆయన జీపు గేరుపెట్టె విప్పి పరిచాడు. అరవై రెండో సంవత్సరం, మే నెల చివరివారం. ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయ ఆలస్యమైంది. అయినా నాకు కోపం రాలేదు. అప్పటికే ఆ జీపు పిచ్చి నాకూ పట్టింది.

అది యుద్ధం నాటి జీపు. ఎవరో దొర తన దేశం వెళ్లిపోతూ జహీరాబాద్‌లోని మా వీధి చివరి దవాఖానకు ఇచ్చిపోయాడట. పదేళ్ల కింద గేరుపెట్టె చెడితే, విప్పిన మెకానిక్ విప్పినట్టే వదిలేసి పోయాడు. అప్పటినుంచి వెనక రేకుల షెడ్డులో కోళ్లకు ఇల్లై పడి ఉంది. దాన్ని చూసి బాధపడేది ఒక్క దేవమ్మక్కే. ఆమె ఆ దవాఖానలో నర్సు. ఝరాసంగం, మొగుడంపల్లి పక్క పల్లెలన్నీ ఆమె తిరగవలసినవే. వానలు మొదలైతే నల్లరేగడిలో ఎడ్లబండి ఇరుసుదాకా దిగబడేది. ఆమె చెప్పులు చేతపట్టుకుని, మందుల సంచి నెత్తిన పెట్టుకుని నడిచేది. నర్సు చదువుకునేటప్పుడే జీపు నడపడం నేర్చుకుందామె.

"నడిచేటట్టు చేసియ్యి రామచందరన్నా. ఎక్కి తోలుడు నా జిమ్మ" అని మా ఆయన్ని అడిగింది.

కొత్తగా వచ్చిన డాక్టరు గారు మాత్రం షెడ్డు ఖాళీ కావాలన్నారు. మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నుంచి తుక్కులారీ వస్తుంది. ఆ పొద్దుకు జీపు తనంతట తానే షెడ్డు దాటి, దవాఖాన వెనక వాగులో దిగి, ఎక్కి వస్తే ఉంచుకోవచ్చు. లేదంటే లారీలోకే.

పదేళ్లలో జీపు సామాను ఎక్కడెక్కడికో నడిచిపోయింది. దవాఖాన చౌకీదారు సాయన్న తల గోక్కుంటూ ఒప్పుకున్నాడు. "అడిగినోళ్లకు ఇచ్చిన పటేలా. ఊకె పడున్నయి గదా అని."

ఒక బ్రేకు డ్రమ్ము సాయన్న ఇంట్లోనే కుంపటిగా దొరికింది. ముందు దీపం చిప్పలో పక్కింటివాళ్ల కోడిపిల్లలు నీళ్లు తాగుతున్నాయి. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా మా ఇంట్లో పండగే. మా ఆయన దాన్ని గ్యాసునూనెలో కడిగి, నా పాత చీరపేలికతో తుడిచి, కొత్త పెళ్లికూతుర్ని చూసినట్టు చూసేవాడు. ఇంజన్ కూడా ఒకరోజు దగ్గి, ఉమ్మి, చివరికి పలికింది. కోళ్లన్నీ షెడ్డు వదిలి పారిపోయాయి.

అన్నీ అయి ఒక్క గేరు దగ్గర ఆగింది. ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచే పెట్టెలో నడుమ తిరిగే గేరది. అరచేయంత వెడల్పు, రెండు వరుసల పండ్లు, మధ్యలో బెజ్జం. అది లేకపోతే ఇంజన్ ఎంత అరిచినా చక్రం కదలదు. మా ఆయన హైదరాబాద్ పాత సామాన్ల బజారంతా తిరిగాడు. షోలాపూర్ పోయొచ్చాడు. కొత్త జీపుల గేరు ఒకటి తెచ్చాడు గానీ దాని బెజ్జం పెద్దది. మా జీపు ఇరుసు మీద ముసలామె చేతికి గాజులా జారిపోయింది.

కార్తె ఇంకా ఐదురోజులు ఉందనగా సాయన్నకు గుర్తొచ్చింది. "పండ్ల చక్రం గదా? కోహీర్‌ల అల్లం అమ్మేటామెకు ఇచ్చిన. కండ్లల్ల మందేయించుకోను వచ్చింది. పేరు యాదికి లేదు."

మర్నాడే మా ఆయన గేరు బొమ్మ కాగితం మీద గీసుకుని, ఖాకీ అంగీ తొడుక్కుని, రైలెక్కి కోహీర్ పోయాడు. పొద్దుగూకే వేళకు ఉత్తచేతులతో వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమైంది?"

"ఏమయ్యేదుంది? అల్లం అమ్మేటోళ్ల గల్లీ అంత తిరిగిన. గిసొంటి ఇనుపది ఉన్నదా అని కాయితం చూపిస్తే చాలు, లేదు లేదు అని తలుపులేసుకుంటున్నరు. ఒక ముసలామైతే బుట్ట గిట్ట ఇడిసిపెట్టి లోపలికి ఉరికింది. నేనేమన్న పులినా?"

"మొఖం కడుక్కోని పోయినవా?" అన్నాను నవ్వాపుకుంటూ.

నవ్వాను గానీ ఆ రాత్రి నాకూ ఏమీ తోచలేదు. పొద్దున వాకిలి చల్లుతుంటే ఒక ఆలోచన వచ్చింది. మగవాళ్లు అడిగితే గడప దగ్గరే మాట తెగుతుంది. అదే ఒక ఆడమనిషి కుంకుమ భరిణ పట్టుకుని బొట్టు పెట్టి పిలవడానికి పోతే? ఏ ఇంట్లోనైనా లోపలికి పిలిచి పీట వేస్తారు. మంచినీళ్లిస్తారు. పీట మీద కూర్చున్నంతసేపు కళ్లు ఊరికే ఉండవు కదా.

"దేనికని పిలుస్తవ్?" అన్నాడు మా ఆయన.

"జీపు పూజకు."

"నడవని జీపుకు పూజనా? నడవకపోతే కోహీర్ అంత నవ్వుతది. ఇజ్జత్ పోతదే సుమిత్రా!"

"అందుకే నడిపియ్యి" అన్నాను.

దేవమ్మక్క విని పకపకా నవ్వింది. "మంచిగున్నది. పూజ నువ్వు చెయ్యి, ప్రార్థన నేను చేస్త. ఇద్దరిట్ల ఎవలి మాటనన్న ఇనకపోతదా జీపు!"

పొద్దుటి రైలుకు నేనొక్కదాన్నే బయల్దేరాను. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఒంటరిగా రైలెక్కడం అదే మొదలు. భరిణ కొంగులో గట్టిగా పట్టుకున్నాను.

అల్లంవాళ్ల గల్లీ పొడుగునా పచ్చి అల్లం వాసన. మొదటి ఇంట్లో రత్నమ్మ అనే ఆమె పీట వేసింది. బొట్టు పెట్టి, మృగశిర నాడు జహీరాబాద్ దవాఖాన కాడ జీపు పూజకు రమ్మన్నాను. ఆమె నోరు తెరిచింది. "జీపుకు బొట్టు పెట్టి పిలుస్తున్రా? మా పెండ్లికి గూడ గిట్ల పిలువలేరమ్మా!" ఆమె నవ్వుతుంటే నేను పొయ్యి కింద, గడమంచె కింద, రోలు పక్కన అంతా చూశాను. గేరు లేదు.

అట్లా తొమ్మిది ఇళ్లు. తొమ్మిది చోట్ల బొట్టు, తొమ్మిది చోట్ల మంచినీళ్లు, రెండుచోట్ల చాయ్. కడుపులో నీళ్లు కుండలోలా కదులుతున్నాయి గానీ గేరు జాడ లేదు. రైలుకు ఇంకా గంట ఉంది. కాళ్లీడ్చుకుంటూ తిరిగొస్తుంటే, వచ్చేటప్పుడు నేను దాటిపోయిన ఇల్లు కనిపించింది.

దాటిపోవడానికి కారణం ఉంది. అరుగు మీద కూర్చుని అల్లానికి మట్టి దులుపుతున్న ముసలామె నుదుట విభూతి మాత్రమే ఉంది. మెడ బోసిగా ఉంది. నా చేతిలో భరిణ చూసి ఆమే ముందుగా కొంగు లాక్కుని పక్కకు జరిగింది. నేను శుభానికి వచ్చినదాన్ని కదా, తను ఎదురు పడకూడదని. నేనూ తల తిప్పుకుని పక్కింటికి పోయాను. మా అమ్మ అట్లాగే చేసేది, నేనూ చేశాను. ఆలోచించి చేసింది కాదు.

ఇప్పుడు ఆమె అరుగు మీద లేదు. పేడతో అలికిన ఆ అరుగు అంచున మాత్రం ముగ్గులాంటిది కనిపించింది. గుండ్రంగా, చుట్టూ పంటిగాట్లతో. ముగ్గు కాదు, మట్టిలో లోతుగా దిగిన అచ్చు. ఏళ్ల తరబడి ఏదో బరువైనది రోజూ అక్కడే దించితే పడే గుర్తు. రెండు మూడు రోజులుగా మా ఆయన గీసి గీసి పారేసిన కాగితాల మీద నేను చూసిన బొమ్మే అది.

చెప్పులు విడిచి, పిలవకుండానే లోపలికి పోయాను.

"అవ్వా, ఈడ పెట్టేటి పండ్ల చక్రం ఏడున్నది?"

ముసలామె మొహం పాలిపోయింది. "నా తాన సేర్లు లేవు బిడ్డా. బసవన్న మీద ఒట్టు. ఉగాది సంది కిలోలే. అంత పారేసిన."

"సేర్లెవరు అడిగిన్రు?"

"అడగకపోతే ఏంది? నిన్న గాక మొన్న ఖాకీ అంగీ ఏసుకొని, కాయితం పట్టుకొని ఒకడు ఇల్లిల్లు తిరగలే? గుండ్రటిది ఉన్నదా, ఇనుపది ఉన్నదా అని! సంతల శరణమ్మ పాత సేర్ల బాట్లన్ని తూకాల ఆఫీసోళ్లు గుంజుకపోయిన్రు. జుర్మానా ఏసిన్రు. గల్లీ అంత దాసిపెట్టుకున్నం."

ఆ ఎండాకాలం నుంచే సేర్లు చెల్లవని, అన్నీ కిలోల్లోనే తూచాలని దండోరా వేశారు. నేనే ఉప్పు కొనేటప్పుడు ఎన్ని సేర్లకు ఎన్ని కిలోలో తెలియక కోమటితో కొట్లాడాను. అయినా అల్లం అమ్మే ఆమె ఆ చక్రాన్ని తూకంరాయిగా వాడుతుందన్న ముక్క నాకు తట్టలేదు!

"అయ్యో అవ్వా! ఆ ఖాకీ అంగీ ఆయన మా ఇంటాయన! మోటర్లు బాగుచేస్తడు. అది ఆయన అంగీ కాదు, నూనె గుడ్డ!" అని నేను కిందే కూలబడి నవ్వాను. నవ్వుతూ జీపు సంగతీ, దేవమ్మక్క సంగతీ, లారీ సంగతీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"దేవమ్మనా? నా కండ్లల్ల మందేసింది ఆమెనే గదా!" అంటూ ముసలామె లేచింది. పేరు బస్వమ్మ అని చెప్పింది. "ముందుగాల చెప్పొద్దా మరి!"

మూలన నా ఎత్తున జొన్నల గుమ్మి ఉంది. దాని అడుగున ఉన్న బెజ్జం నుంచి బస్వమ్మ గుడ్డ ముద్ద లాగింది. జొన్నలు జరజరా నా ఒళ్లోకి, ఇల్లంతా పారాయి. మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికింది. "ఇంకింత లోపటికి పెట్టిన... ఆఁ... ఇగో!"

ఎర్రగుడ్డ మూట. విప్పితే గేరు! తుప్పన్న మాట లేదు. ఆముదం నిగనిగలాడుతోంది. ఒక్క పన్ను కూడా విరగలేదు.

"పదేండ్లాయె. సక్కగ రెండున్నర సేర్లు తూగుతది. కోమటి తక్కెడల పెట్టి చూపిచ్చుకున్న" అంది బస్వమ్మ. "అమాసకోపారి నూనె రాస్త. తుప్పు పడితే తూకం తప్పుతది. తూకం తప్పితే పాపం గాదు?"

గేరు ఒళ్లో పెట్టుకుని, భరిణ తీసి, ఆగిపోయాను. ఆమె నా చెయ్యి చూసి నవ్వింది.

"నాకెందుకు బిడ్డా బొట్టు. ఊకెనే పిలువు, వస్త."

గూట్లో విభూతి ఉండ కనిపించింది. వేళ్లకు అద్దుకుని ఆమె నుదుట మూడు గీతలు దిద్దాను. "మృగశిర నాడు జీపు పూజకు రావాలె బస్వవ్వా. నువ్వు ముందుగాల రావాలె."

ఆమె గేరును ఓ పాత గోనెసంచిలో పెట్టి, దానితోపాటు నాకు నాలుగు గుప్పిళ్ల అల్లం కూడా వేసింది.

గేరు చూసి మా ఆయన నన్ను ఎత్తుకున్నంత పనిచేశాడు. సాయన్న ముందుండటంతో మానుకున్నాడు. ఇరుసు మీద ఎక్కిస్తే వేలికి ఉంగరంలా కూర్చుంది. మళ్లీ తీసి, మళ్లీ ఎక్కించి, ఊరికే చూసుకుంటాడు. "ఇగ చాలు, బిగియ్యి" అని నేనే కసిరాను.

కార్తె నాడు పొద్దున్నే లారీ వచ్చి గేటు ముందు నిలబడింది. దాని వెనకే కోహీర్ ఆడవాళ్లు దిగారు. బొట్టు పెట్టి పిలిచాక రాకుండా ఉంటారా? తొమ్మిదిమందీ పిల్లల్ని, కోడళ్లనీ వెంటేసుకుని వచ్చారు. అందరికంటే ముందు బస్వమ్మ. డాక్టరు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "దవాఖానల ఏమన్న పెండ్లి ఉన్నదా సాయన్నా?"

నేను జీపుకు పసుపు కుంకుమ పెట్టాను. దేవమ్మక్క కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. తర్వాత చీరకుచ్చిళ్లు దోపుకుని ఎక్కి కూర్చుంది. పక్కసీటులో బస్వమ్మను ఎక్కించింది. మా ఆయన వెనక పట్టుకుని నిలబడ్డాడు.

జీపు గర్రుమంది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత చక్రం తిరిగింది. షెడ్డు దాటింది. మేమంతా దాని వెంట పరుగు. చేతిలో హారతి పళ్లెం ఉన్న సంగతి కూడా మరిచి నేనూ పరుగే.

వాగులో దిగింది. నడిమధ్య ఇసుకలో వెనక చక్రాలు దిగబడి గిర్రున తిరిగాయి. లారీ డ్రైవర్ చేతులు కట్టుకుని నవ్వాడు. "ఇగ నా బండిల ఏసుకుంట!"

"ముందు చక్రాలకియ్యి దేవమ్మక్కా! చిన్న రాడు గుంజు!" మా ఆయన అరిచాడు.

ఆమె గుంజింది. కింద పెట్టెలో గేరు కూసింది. గొంతెత్తి పాడినట్టే ఉంది ఆ కూత. నాలుగు చక్రాలూ ఒక్కసారి ఇసుకను పట్టుకున్నాయి. జీపు ముక్కు పైకెత్తి, గట్టు మీదికి ఎగిరినట్టే ఎక్కింది. కోహీర్ ఆడవాళ్లు పెట్టిన కేకలకు లారీ డ్రైవర్ కూడా చేతులు విప్పి చప్పట్లు కొట్టాడు. డాక్టరు గారు "ఉంచుకోండి, ఉంచుకోండి" అంటున్నారు గానీ ఆయన మాట ఎవరికీ వినిపించలేదు.

జీపు ఆగాక బస్వమ్మ రెండు చేతులతో సీటు పట్టుకునే ఉంది. కొంగు జారిపోయింది, జుట్టు చెదిరింది.

"దిగు అవ్వా" అంది దేవమ్మక్క.

"జర ఆగు. నా రెండున్నర సేర్లు గింతమందిని మోసిందా?" వంగి కిందికి చూసింది. తర్వాత మా ఆయన వైపు వేలు చూపించి గట్టిగా చెప్పింది. "ఓ ఖాకీ అంగీ! అమాస అమాసకు నూనె రాయాలె. మర్సిపోతివంటే వాపసు తీస్కపోత!"

"గట్లనే అవ్వా" అన్నాడు మా ఆయన చేతులు జోడించి. ఆమె మాత్రం దిగలేదు. ఇంకోసారి వాగు దాటించమంది.