చూసుకోవచ్చు

కుటుంబ న్యాయస్థానం వెనుక వైపు ఒక గది ఉంది. అందులో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, చక్రం ఊడిన బొమ్మ కారు, గోడకు గడియారం. విడిపోయిన దంపతుల పిల్లలను ఆ గదిలోనే తండ్రులకు చూపిస్తారు. అవును, చూపిస్తారు. ఆసుపత్రిలో రోగిని చూపించినట్టే, టైము చూసి మరీ!

నెలకు రెండు శనివారాలు ఆ గదికి వచ్చే ఒక తండ్రి కథ ఇది. ఆయన లిఫ్టు మెకానిక్. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లను పావుగంటలో బయటకు తీసే మనిషి, తాను మాత్రం రెండేళ్లుగా వాయిదాల మధ్య ఇరుక్కుపోయాడు. ఒకసారి జడ్జి గారు సెలవు, ఒకసారి వకీలు గారికి జలుబు, ఒకసారి ఫైలే కనపడలేదు. చెప్పులరిగేలా తిరిగితే చివరకు దక్కింది ఒక్క వాక్యం: 'తండ్రి నెలకు రెండు శనివారాలు, పది నుంచి పన్నెండు వరకు, బిడ్డను చూసుకోవచ్చు.'

ఆ శనివారం ఆరేళ్ల చిట్టి చెవి పట్టుకుని ఏడుస్తూ వచ్చింది.

"పొద్దున్నుంచీ ఇంతే. డ్యూటీ అయ్యాక డాక్టరుకి చూపిస్తా" అని గది దగ్గర కాపలా ఉండే ఆయాకి చెప్పి, తల్లి తను పనిచేసే బట్టల షాపుకి పరుగెత్తింది.

పిల్ల అంతవరకూ ఎలా ఆగుతుంది? పదిన్నరకల్లా ఒళ్లు కాలిపోతోంది. తండ్రి భుజాన వేసుకుని లేచాడు.

"గది దాటకూడదయ్యా! మీరు పిల్లని చూట్టానికే కదా వచ్చింది?" ఆయా గుమ్మానికి అడ్డం నిలబడింది.

"చూస్తూనే ఉన్నానమ్మా, అరగంట నుంచీ. చూస్తుంటే నొప్పి తగ్గుతోందా?"

ఎదురు వీధిలోని డాక్టరుతో చెవిలో చుక్కలు వేయించి, ముప్పావు గంటలో తిరిగొచ్చాడు. ఈలోగా ఆయా ఫోన్ చేస్తే పరుగున వచ్చిన తల్లికి ఖాళీ గది చూసి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమెను తప్పుపట్టలేం.

ఆ గొడవ తర్వాతి వాయిదాకి కోర్టుకెక్కింది. తల్లి తరఫు వకీలు లేచాడు.

"చూడనిస్తే పిల్లనెత్తుకుని వెళ్లిపోయాడు. ఆ శనివారాలు కూడా రద్దు చెయ్యాలి మేడమ్."

నెలకు నాలుగే నాలుగు గంటలు. అవీ పోతే చిట్టికి తండ్రి ముఖం గుర్తుండదు. మెకానిక్ లేచి చేతులు జోడించాడు.

"ఉత్తర్వులో 'చూసుకోవచ్చు' అని రాశారు మేడమ్. చూసుకున్నాను, అంతే!"

వకీలు నవ్వాడు. "చూసుకోవచ్చు అంటే చూడొచ్చనే లెండి."

ఆ కోర్టుకి కొత్తగా వచ్చిన జడ్జి, తల నెరిసిన పెద్దావిడ, విసుగ్గా కళ్లద్దాలు తీసి తల్లి వైపు తిరిగింది.

"పనికెళ్లేటప్పుడు పిల్లని ఎవరి దగ్గర వదుల్తావమ్మా?"

"పక్కింటి పిన్నిగారి దగ్గరండీ."

"ఏమని చెప్పి వదుల్తావు?"

"కాస్త పిల్లని చూసుకోండి పిన్నీ అంటాను."

"మరి జ్వరమొస్తే ఆవిడ కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంటే?"

"ఊరుకోనండీ" అంది తల్లి. మాజీ భర్త వైపు తిరిగింది. "ఆ పూటే తీసుకెళ్లి మంచిపని చేశావు. నాకో ఫోను కొట్టి ఉంటే ఇంత గొడవ ఉండేదా?"

"కొట్టాల్సింది. కంగారులో తోచలేదు" అన్నాడాయన తల వంచుకుని.

పాఠకులారా, రెండేళ్లలో వాళ్లిద్దరూ వకీళ్లు లేకుండా మాట్లాడుకున్న మొదటి మాటలివి. వాటికోసం ఎన్ని వాయిదాలు తగలబెట్టామో!

జడ్జి కొత్త ఉత్తర్వు చెప్పింది. ఇకనుంచి నెలలో ఆ రెండు వారాలూ శనివారం పొద్దున్నుంచి ఆదివారం సాయంత్రం వరకు చిట్టి తండ్రి ఇంట్లోనే. వకీలు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"ఇంక చాలు కూర్చోండి. కన్నతండ్రిని చుట్టపుచూపుకి రమ్మనడం న్యాయం కాదు, ఆ పిల్లకి మనం చేస్తున్న అన్యాయం."