రెండు వేళ్ల కొలత

రంగుల దుకాణంలో అందరూ అతన్ని ‘కాటా’ అనే పిలుస్తారు. ఎవరైనా పాతగోడ పెచ్చు ఒకటి తెచ్చి బల్ల మీద పడేస్తే చాలు, తెల్లరంగులో ఏది ఎన్ని చుక్కలు కలపాలో కళ్లతోనే తేల్చేస్తాడు. ఆ రంగు గోడకు పూసి ఆరాక పెచ్చును దానికి ఆనిస్తే ఎక్కడ అతికిందో దేవుడు కూడా కనిపెట్టలేడని యజమాని గొప్పలు పోతాడు.

ఆ చేతి కొలత దుకాణంలో అబ్బింది కాదు. బస్సు నడిపి అలిసిపోయి వచ్చే తండ్రికి పద్నాలుగేళ్ల వయసులో రోజూ సాయంత్రం గ్లాసు కలిపి ఇచ్చింది అతనే. అడుగున రెండు వేళ్ల మందు, పైన నీళ్లు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవారు కాదు. మార్కులు వచ్చినా, మోకాలు చిట్లినా తండ్రి తల ఎత్తేవాడు కాదు. మొదటి గుక్క దిగాక మాత్రం, “వీడి చెయ్యి తప్పదు!” అనేవాడు. ఆ ఒక్క మాట కోసం కుర్రవాడు సాయంత్రం ఎప్పుడవుతుందా అని కాచుక్కూర్చునేవాడు. పదిహేడేళ్లకు తండ్రి ఎదురుగా తనూ ఒక గ్లాసు పెట్టుకున్నాడు. నలభై దాటేసరికి అప్పటి ఉద్యోగం ఊడేదాకా తెచ్చుకున్నాడు.

ఇప్పుడు మానేసి పద్నాలుగు నెలలైంది. మళ్లీ ముట్టుకోనన్న ధీమా ఉంది, ఆ ధీమా గాలిలోంచి వచ్చింది కాదు. ఆ పద్నాలుగు నెలలూ ఒక్కొక్క రోజుగా గెలుచుకున్నవే.

ఆ ఆదివారం మధ్యాహ్నం కూతురి గదికి రంగు వేస్తున్నారు. పదమూడేళ్ల పిల్ల కిటికీ చుట్టూ బ్రష్‌తో అంచు గీస్తోంది, అతను గోడ మీద రోలర్ తిప్పుతున్నాడు. భార్య ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్లింది. భోజనానికని వచ్చిన అతని తండ్రి కుర్చీలో కూర్చుని, సంచిలోంచి సీసా తీశాడు.

“అమ్మడూ, రెండు వేళ్లు పోసి నీళ్లు కలిపి పట్రా.”

రోలర్ దించి అతను వద్దనేలోపే పిల్ల సీసా అందుకుని వంటింట్లోకి వెళ్లి, చిటికెలో గ్లాసూ సీసాతో వచ్చేసింది. పెద్దాయన ఒక గుక్క తాగి తొడ చరిచాడు. “అచ్చం మీ నాన్న చెయ్యే! చుక్క తేడా లేదు!”

అతను పిల్లవైపు తిరిగాడు. “ఎవరు నేర్పారమ్మా నీకు?”

“ఎవరూ నేర్పలేదు నాన్నా. నువ్వు తాగే రోజుల్లో నీ సీసాలో రోజూ నేనే నీళ్లు కలిపేదాన్ని. రెండు మూతలు తీసి పారబోసి రెండు మూతలు నీళ్లు. రంగు తేలిపోతే నీకు తెలిసిపోతుందిగా, అందుకని కాస్త టీ డికాక్షన్ వేసేదాన్ని.”

అతనికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. సరుకు పలచగా ఉందని మందుకొట్టువాడి చొక్కా పట్టుకునేదాకా వెళ్లిన రోజులు గుర్తొచ్చాయి. ఊళ్లో వాళ్ల గోడల రంగులన్నీ పట్టేసే మొనగాడు, సొంత ఇంట్లో టీ నీళ్లను పట్టలేకపోయాడు. ఆ ఈడు పిల్లలు బొమ్మలు గీసుకునే వేళ తన కూతురు కొలతలు నేర్చుకుంది. అందుకు అతనికి చచ్చేంత సిగ్గేసింది.

గ్లాసు వాసన ముక్కుకు తగిలి నోరూరింది. అబద్ధమెందుకు, ఊరింది. అయినా సీసాకు మూత బిగించి తండ్రి సంచిలో పెట్టేశాడు. గ్లాసు అందుకుని సింకులో ఒంపి వచ్చాడు.

“నాన్నా, ఈ ఇంట్లో ఈ పని ఇకమీదట ఎవరూ చెయ్యరు.”

“ఓహో! తప్పంతా నాదేనన్నమాట! నేనేమన్నా నీ నోట్లో పోశానా?”

“లేదు, తాగింది నేనే. కానీ మీరు నాతో మాట్లాడింది మాత్రం గ్లాసు చేతికిచ్చినప్పుడే. నా కూతురికి ఆ గతి పట్టనివ్వను.”

పెద్దాయన సంచి భుజాన వేసుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు. “అది లేకుండా ఏం మాట్లాడాలో నాకు తెలీదురా.”

“నాకూ తెలీదు. కూర్చోండి, తెలుస్తుంది.”

పెద్దాయన కూర్చోలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక గది చుట్టూ తిరిగాడు. ఆ మూల పలచగా ఉందన్నాడు, రెండో పూత పడాలన్నాడు. కిటికీ దగ్గర ఆగి, కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు.

“ఈ అంచు ఎవరు గీశారు?”

“నేనే తాతయ్యా,” అంది పిల్ల బెరుగ్గా.

“రంగు అవతలికి పోకుండా టేపు అంటించావా?”

“లేదు.”

పెద్దాయన ఆ అంచును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. “నీ చెయ్యి తప్పదు,” అన్నాడు.

ముప్పై ఏళ్ల కిందట అతనికి గ్లాసు మీదుగా అందిన మాట అది. ఇప్పుడు తన కూతురికి వట్టి చేతులతోనే అందింది. అతనికి కాస్త అసూయ కూడా కలిగింది. ముఖం గోడవైపు తిప్పుకుని రోలర్‌ను రంగులో ముంచాడు.

“ఇంకో బ్రష్ ఉందేమిట్రా?” అని వెనక నుంచి తండ్రి అడిగాడు.