ఒక బ్యాటరీ తక్కువ

పొద్దున వచ్చిన సంచిలోంచి తీసిన పదకొండో ఫోనుకు వెనక మూత లేదు, లోపల బ్యాటరీ లేదు. వాల్యా దాన్ని తిరగేసి చూసి, సంచిని ఇంకోసారి దులిపాడు. ఛార్జరు వైరు, విరిగిన దువ్వెన రాలాయి. అంతే.

మహబూబాబాద్ శివారులోని పొడి చెత్త షెడ్డులో ఏడేళ్ళుగా అతని పని ఇదే. పాత సెల్‌ఫోన్లూ, పొలానికి పోయేటప్పుడు తలకు కట్టుకునే లైట్లూ విప్పి, బ్యాటరీలు తీసి, కొసలకు టేపు అంటించి, ఇసుక పోసిన డ్రమ్ములో పేర్చడం. నెలకోసారి హైదరాబాద్ నుంచి లారీ వచ్చి డ్రమ్ములు తీసుకుపోతుంది. అక్కడ వాటిలోని లోహం తీసి మళ్ళీ వాడతారట. వాల్యా ఎన్నడూ చూడలేదు. అతనికి తెలిసిందల్లా తన ఎడమచేతి మూడు వేళ్ళు. పాత ఇనుప సామాను దుకాణంలో ఉన్నప్పుడు, ఉబ్బిన బ్యాటరీని సెగ్గడ్డను పొడిచినట్టు పిన్నీసుతో పొడిస్తే భగ్గుమని చెయ్యి కాలింది. ఆ వేళ్ళు ఇప్పటికీ సరిగా ముడుచుకోవు.

ఆ లేని బ్యాటరీ మిగతా చెత్తలో ఉందేమోనని అతని భయం. మూడింటికి అట్టల్నీ ప్లాస్టిక్‌నూ అదిమి కట్టలు చేసే యంత్రం తిప్పుతారు. దాని కింద పడిందా, నిప్పే. యంత్రంలో చెత్త కూరేది నీలి, ఇద్దరు పిల్లల తల్లి.

"పారేసినోళ్ళు బ్యాటరీ ఇంట్లనే ఉంచుకున్నరేమో" అన్నాడు సూపర్‌వైజర్ అఖిల్.

కావచ్చు. అయినా వాల్యాకు కాలు నిలవలేదు. పొద్దున్నుంచీ గుండెల్లో ఒకటే గాబరా, ఒళ్ళంతా చెమట. అది దొరికితే తగ్గుతుందనుకున్నాడు. కాలుగాలిన పిల్లిలా సంచి సంచికీ తిరిగాడు. నీలి అన్నం తిని రమ్మంటే వినలేదు. ముసలాయన చాదస్తమని అఖిల్ నవ్వాడు గానీ, తాను వెతికిందాకా యంత్రం తిప్పొద్దంటే కాదనలేదు.

పంతొమ్మిదో సంచిలో ఒక ఐస్‌క్రీం డబ్బా, నిండా బియ్యం. ఇంకొకరైతే డబ్బాతో సహా ప్లాస్టిక్ కుప్పలో విసిరేసేవారే. వాల్యాకు చేతులు రాలేదు. తిండిగింజను యంత్రం కింద నలిపిస్తే పాపం తగలదూ. పిట్టలకు పోద్దామని మూత తీసి వేలు పెట్టాడు. వెచ్చగా తగిలింది.

ఎవరో తడిసిన బ్యాటరీ ఆరాలని బియ్యంలో పెట్టారు. అది ఉబ్బేసరికి భయపడి అలాగే పారేశారు.

డబ్బాను రెండు చేతులా పట్టుకుని ఆరుబయటికి మెల్లగా నడిచాడు. పట్టుకారుతో బ్యాటరీని తీసి ఇసుకలో పూడ్చాడు. కాస్త పొగ లేచి ఆగింది. సంతోషంతో అతని కళ్ళు చెమర్చాయి.

"నీలీ, ఇగ తిప్పుకోండ్రి. భయం లేదు" అన్నాడు.

బియ్యం ఘాటుగా వాసన కొడుతోంది. పిట్టలకు పోస్తే చచ్చిపోతాయి. పారేయడానికి మనసు రాలేదు. ఏం చేయాలో తర్వాత చూద్దామని డబ్బాను గోడమీద పెట్టాడు. గాబరా మాత్రం తగ్గలేదు. జరసేపు ఒరుగుతానని నీలికి చెప్పి అట్టల మీద పడుకున్నాడు.

ఐదింటికి లారీ వచ్చింది. నీలి లేపడానికి వెళ్ళింది.

"అన్నా, లారీ వచ్చింది."

భుజం పట్టి కదిపింది. ఒళ్ళు చల్లగా ఉంది.

గుండెపోటు పొద్దున్నే మొదలై ఉంటుందని దవాఖానలో అన్నారు. డ్రమ్ములు ఎక్కించుకుని లారీ వెళ్ళిపోయింది.

మర్నాడు అఖిల్ డబ్బాను చెత్తలో వేయబోతే నీలి అతని చెయ్యి పట్టుకుంది. మరేం చేయాలో ఆమెకూ తెలియదు. మూత పెట్టిన బియ్యం డబ్బా గోడమీద అలాగే ఉంది.