కామరాజు ఇంట్లో జపమాల

ఆ ప్రశ్న పెట్టింది నేనే. ఫాదర్ గారు కాదు, సంఘంలో మరెవరూ కాదు. అందుకే జరిగినదంతా నేనే చెప్పాలి.

మాది గాజువాక దగ్గర చిన్న విచారణ, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడీ దాని కుటుంబాలూ. ఆదివారం పూజకు ఆడవాళ్ళు, పిల్లలు గుడి నిండా ఉంటారు. మగవాళ్ళు వెనక తలుపు దగ్గర నిలబడి, ప్రసంగం మొదలవగానే బయట బండ్ల దగ్గరికి జారుకుంటారు. చూసి చూసి ఫాదర్ గారు ఒకరోజు నన్ను పిలిచి, మగవాళ్ళకు ఒక సంఘం పెట్టమన్నారు. నేను పదో తరగతి వరకే చదివాను, లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తాను, నావల్ల ఏమవుతుందన్నాను. "ప్రసంగం అయ్యేదాకా లోపలే కూర్చుంటావు కదా, ఆ అర్హత చాలు" అని నవ్వారాయన.

యేసును పెంచిన తండ్రి పునీత జోజప్పగారి పేరు మీద మొదలుపెట్టాం. పదకొండు మందిమి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఒకరి ఇంట్లో కూడి జపమాల చెప్పుకోవాలి, ఆ ఇంటి మగవాడే ముందుండి చెప్పించాలి. అంతవరకు బాగానే ఉంది. దానికి నేను ఇంకొకటి కలిపాను. పాపసంకీర్తనంలో మన తప్పులు ఫాదర్ గారికి చెబుతాం. ఆ తప్పుల వల్ల బాధపడిన మనిషి ఇంట్లోనే ఉంటుంది, ఆమెను మాత్రం ఏమీ అడగం. అందుకని జపమాల అయ్యాక ఇంటాయన మోకాళ్ళ మీదే ఉండి, అందరి ముందూ భార్యను అడగాలి: "నావల్ల నీకున్న బాధ ఏమిటి?"

ఈ మాట విని ఫాదర్ గారు, "ఇంట్లో మాట ఇంట్లో అడిగితే సరిపోదా, ఇన్నాసీ?" అన్నారు.

"పదిమంది ముందు అడిగితే సిగ్గుకైనా మారతారు, ఫాదర్."

ఆయన సరే అనలేదు, వద్దనీ అనలేదు. నాకు కావలసినట్టు నేను తీసుకున్నాను.

మొదట్లో అన్నీ నవ్వులే. ఆటో నడిపే దొరబాబు అడిగితే వాళ్ళావిడ, "తడి తువ్వాలు మంచం మీద పడేత్తాడండి, పదేళ్ళ నుంచి సెప్తన్నాను" అంది. మా ఇంట్లో నా భార్య లూర్దమ్మ, "ఈయనకి ఇంట్లో మాటలుండవు, గుడికాడైతే అయిపోవు" అంది. అందరితో పాటు నేనూ నవ్వాను. మా సంఘం గురించి ఆడవాళ్ళు మంచిగా చెప్పుకుంటున్నారని విని లోపల గర్వపడ్డాను కూడా.

ఆరో ఆదివారం కామరాజు ఇల్లు. జ్ఞానస్నానంలో పెట్టిన పేరు రాయప్ప అయినా అందరికీ కామరాజే. పోర్టులో కళాసీ. తలుపులో నిలబడితే వెనక గది కనిపించనంత మనిషి. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అంటాడు. పండక్కి పందిరి గుంజలు పాతేదీ, కుర్చీలు మోసేదీ అతనే. సంఘంలో అందరికంటే ముందు పేరిచ్చింది కూడా అతనే.

ఆ రోజు జపమాల బాగా చెప్పించాడు. అతని భార్య రోజమ్మ చెంగు తల మీదుగా మెడ చుట్టూ కప్పుకుని, ఎనిమిదేళ్ళ కూతురు స్టెల్లాను పక్కన కూర్చోబెట్టుకుని బదులు చెప్పింది. జపమాలలో అయిదు పదులూ అయ్యాక కామరాజు మోకాళ్ళ మీద అటు తిరిగి, నవ్వుతూ, "సెప్పవే, బెదరకు. ఇది మా బావ రూలు" అన్నాడు.

రోజమ్మ మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. తరవాత మామూలు గొంతుతోనే చెప్పింది.

"డూటీ నుంచి తాగొచ్చినప్పుడు నా పీక అట్టుకుంటాడు. మొన్న బుధారం ఊపిరాడ్లేదు. పాప సూసింది."

ఎవరూ నవ్వలేదు.  కామరాజు చెవులు ఎర్రబడ్డాయి. "సరదాకంటంది" అన్నాడు మా వైపు చూస్తూ. మళ్ళీ ఆమె వైపు తిరిగి, "ఎల్లి టీ అట్టుకురా" అన్నాడు.

సంఘం పెద్దను నేను. ఏదో అనాల్సింది నేనే. నా నోటికి వచ్చింది ఒకటే: "ఈ కుటుంబం కోసం ఒక మంగళవార్త జపం చెప్పుకుందాం." చెప్పుకున్నాం. రోజమ్మ టీ తెచ్చింది. తాగాం. చక్కెర సరిపోయిందా అని ఆమె అడిగితే సరిపోయిందన్నాను.

బయటికొచ్చాక ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. "ఆలుమొగుళ్ళ మద్దెన మనమేటి సేత్తాం బావా? రేపటికి ఆళ్ళే బాగుంటారు" అన్నాడు దొరబాబు. నేను తలూపాను. ఒక్కొక్కరే బండ్లు తీసుకుని వెళ్ళిపోయారు.

బస్సు ఎక్కుదామని రోడ్డు మీదకు వచ్చాను. మా కాలనీ వైపు వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. ఎక్కడానికి కాలు లేవలేదు. నా చెవిలో ఒక చప్పుడు ఉండిపోయింది. మేం మెట్లు దిగగానే వెనక గడియ పడిన చప్పుడు. అప్పుడు టైము అయిదున్నర కూడా కాలేదు. ఏప్రిల్ నెల. ఆ వీధిలో ఆ వేళకు తలుపులన్నీ బార్లా తీసి, గడపల్లో కూర్చుని గాలికి విసురుకుంటారు. కామరాజు తలుపొక్కటే మూసుకుంది.

ఆమె చెప్పింది నేను అడిగించడం వల్ల. అడగకపోతే చెప్పేది కాదు. చెప్పింది కాబట్టి ఇప్పుడు ఆ తలుపు వెనక ఏదైనా జరగొచ్చు. శిశువునూ తల్లినీ తీసుకుని పారిపొమ్మని జోజప్పగారికి దేవదూత వచ్చి చెప్పాడు. నాకెవరూ చెప్పలేదు. దేవుడు నన్ను వెనక్కి వెళ్ళమంటున్నాడా, లేక ఇది నా భయమేనా అని ఆలోచిస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బస్సు వెళ్ళిపోయింది. నేను వెనక్కి నడిచాను. ప్రార్థన చేసుకుంటూ నడిచానని చెప్పలేను. 

తలుపు కొట్టాను. లోపల ఏదో లాగిన చప్పుడు, తరవాత ఏమీ లేదు.

"ఎవులు?"

"నాను, ఇన్నాసిని."

"ఏటి బావా మల్లీ?"

కళ్ళజోడు మరిచిపోయానని చెప్పాలనుకున్నాను. కళ్ళజోడు మొహం మీదే ఉంది. "రోజమ్మతో మాటాడాల" అన్నాను.

తలుపు సగం తెరుచుకుంది. లోపల కుర్చీలు మేం లేచినప్పటి లాగే గుండ్రంగా ఉన్నాయి. మరియమాత పటం ముందు కొవ్వొత్తి ఇంకా వెలుగుతోంది. ఒక టీ గ్లాసు దొర్లిపోయి ఉంది. రోజమ్మ వంటింటి గోడకు వీపు ఆనించి నిలబడి ఉంది, స్టెల్లా ఆమె నడుమును రెండు చేతులతో పట్టుకుని ఉంది. రోజమ్మ ఫోను కామరాజు చేతిలో ఉంది.

"సెల్లెమ్మా..." అన్నాను. 

"మీరు అడగమన్నారనే సెప్పినాను అన్నయ్యా" అంది రోజమ్మ. "ఇంటి నిండా మగోళ్ళున్నారు గదా, ఇంకేటి బయమని సెప్పినాను. అందరూ టీ తాగీసి ఎల్లిపోనారు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఫోను తీసి దొరబాబుకు చేశాను.  "ఆటో అట్టుకురా. కామరాజు ఇంటికి" అన్నాను.

"ఎవులికి ఆటో?" అన్నాడు కామరాజు.

"రోజమ్మకి, పాపకి."

"నా పెళ్ళాన్ని నా ఇంట్లోంచి నువ్వు పంపిత్తావేటి? ఫాదర్ సెప్పినారా?"

"ఎవులూ సెప్పలేదు."

దగ్గరికి వచ్చాడు. చొక్కా గుండీల దగ్గర పట్టుకుని నన్ను కొంచెం పైకి లేపాడు. మడమలు నేలను వదిలాయి. నేను కళ్ళు మూసుకున్నాను. ధైర్యవంతులు కళ్ళు మూసుకుంటారో లేదో నాకు తెలియదు. స్టెల్లా ఏడుపు మొదలుపెట్టింది. ఆ చెయ్యి వదలలేదు, బిగించనూ లేదు.

ఆటో హారన్ మోగింది. అంత త్వరగా ఎలా వచ్చాడా అనుకున్నాను. దొరబాబు గుమ్మంలోకి వచ్చి, "నానూ ఎల్లలేదు బావా. సందు సివర కిళ్ళీ కొట్టు కాడే ఉండిపోనాను" అన్నాడు. ఇద్దరు మగవాళ్ళను చూసి కామరాజు నా చొక్కా వదిలాడు.

రోజమ్మ సంచీలో పాప బట్టలు రెండు కుక్కుకుంది. నా పక్కనుంచి పోతూ, పెదవులు కదలనట్టుగా, "ఆనందపురంలో అక్క ఉంది" అంది. లూర్దమ్మను ఎక్కించుకుని ముగ్గురినీ అక్కడ దింపమని దొరబాబుకు చెవిలో చెప్పాను. కామరాజు ముందుకు అడుగు వేశాడు. వాళ్ళు బయటపడగానే నేను తలుపు వేసి, ఒక కుర్చీ లాగి, వీపు తలుపుకు ఆనించి కూర్చున్నాను. అది బలం కాదు. అతను ఒక్క చేత్తో కుర్చీతో పాటు నన్ను పక్కన పెట్టగలడు. ఇద్దరికీ తెలుసు.

"ఎక్కడికి ఎల్తన్నారు?"

నేను చెప్పలేదు.

"సెప్పవేటి?"

"సెప్పను."

ఎదురుగా కూర్చున్నాడు. లేచాడు. వంటింట్లోకి వెళ్ళి ఏదో వెతికాడు.  మంచినీళ్ళ చెంబుతో తిరిగొచ్చి తాగి, నాకూ చాపాడు. తీసుకున్నాను. తాగకుండా కుర్చీ పక్కన పెట్టాను. అతను అది చూశాడు.

"దాన్ని సంపేత్తాననుకున్నావా?"

"అనుకున్నాను."

చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. "తలుపేసినప్పుడు నాకూ బయమేసింది బావా" అన్నాడు. నమ్మాలో వద్దో తెలియలేదు. పశ్చాత్తాపం ఎలా ఉంటుందో ఇన్నేళ్ళుగా వింటున్నాను. ఎదురుగా కనిపిస్తే గుర్తుపట్టగలనా? నేను కుర్చీ మాత్రం కదపలేదు.

ఎనిమిది దాటాక ఫోను మోగింది. లూర్దమ్మ.

"సేరినాం. రోజమ్మ పీక మీద ఏళ్ళ గుర్తులున్నాయయ్యా, అందుకే సెంగు కప్పుకుంది. రేపు పొద్దున్నే పోలీసు స్టేషనుకి ఎల్దామంటంది ఆళ్ళక్క. పది మంది ఇన్నారు గదా, ఎవులైనా వచ్చి సెప్తారా అని రోజమ్మ అడుగుతంది. ఏటి సెప్పమంటావు?"

ఆ చిన్న గదిలో ఆమె గొంతు బయటికి వినిపించింది. కామరాజు తలెత్తి నా వైపే చూస్తున్నాడు. మిగతావాళ్ళు వస్తారో రారో నాకు తెలియదు. ఈ సంఘం రేపటి తరవాత ఉంటుందో ఉండదో తెలియదు. అతని కళ్ళల్లోకి చూస్తూ మాట్లాడటం నావల్ల కాలేదు. మరియమాత పటం వైపు చూస్తూ అన్నాను.

"నానొచ్చి సెప్తానని సెప్పు."

కామరాజు కుర్చీలోంచి లేచాడు. నేను లేవలేదు.