నాలుగో అంతస్తు మీటరు

బస్‌స్టాపు బెంచీ మీద కూర్చుని ఒప్పందాల నకళ్లను ఇంటి నంబర్ల వరసలో పేర్చుకుంటూ, నెజు మోరియో హతానో ఫుసాయె కాగితం దగ్గర ఆగాడు. పన్నెండో ప్రశ్న: టెలిఫోను తీగకు వేరే పరికరం ఏదైనా తగిలించి ఉందా? ‘లేదు’ అన్న గడిలో టిక్కు ఉంది. ఆ టిక్కు అతనిదే.

పరికరం ఉంది. ఆవిడ టీ పోస్తున్నప్పుడు ఫోను పక్కన తెల్లపెట్టెను, ఆవిడ మెడలో బిళ్ళను చూశాడు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు నగరపాలక సంస్థ ఇస్తుంది. బిళ్ళ నొక్కితే పెట్టె పాత తీగ మీద అంబులెన్సును పిలుస్తుంది. నెజు అమ్మే కొత్త కంపెనీ లైను మీద పిలవదు. ఆవిడ లైను మొన్న శుక్రవారం మారింది. కరెంటూ ఫోనూ కలిపి మార్చే ఆ కాగితంలో ప్రశ్నలు ముప్పై ఒకటి. అమ్మేవాళ్లెవరూ చదవరు. పైనుంచి కిందికి టిక్కులు పెట్టుకుంటూ పోతారు.

కాగితాలు అందిన ఎనిమిది రోజుల్లో పోస్టుకార్డు రాస్తే ఒప్పందం రద్దవుతుంది. ఇవాళ ఎనిమిదో రోజు, ఫిబ్రవరి ఆఖరి రోజు కూడా. నెలకు ఆరు సంతకాలు తేవాలి. అతనివి ఆరే. ఆవిడది ఆరోది.

పదిన్నరకు ఆవిడ ఉండే నాలుగో అంతస్తు ఎక్కాడు. ఆ ఇళ్లకు లిఫ్టు లేదు. గంట మీద వేలు పెట్టబోతుంటే జేబులో ఫోను మోగింది. పైఅధికారి సకామకి.

“నెజు గారూ, మీవి ఆరు ఉన్నాయిగా? ఒక్కటి జారినా వచ్చే నెల జాబితాలో మీ పేరు రాయలేను. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననొద్దు.”

“అననండి.”

ఫోను జేబులో పెట్టుకున్నాడు. తలుపు పక్కన మీటరు ఉంది. చదివాడు: నాలుగు వేల మూడు వందల పన్నెండు, చుక్క, ఆరు. అవసరం లేదు, అలవాటు. పాత కరెంటు కంపెనీలో ఇరవై ఆరేళ్లు మీటర్లు చదివాడు. తమంతట తామే లెక్క పంపే మీటర్లు వచ్చాక చదివేవాళ్లను పంపేశారు.

ముందు ఇంకొక సంతకం దొరికితే ఆవిడది పోయినా ఆరు ఉంటాయి. పోస్టాఫీసు అయిదింటిదాకా తెరిచే ఉంటుంది. కిందికి దిగాడు.

రెండో బ్లాకులో ఒకావిడ గొలుసు తియ్యకుండానే తలుపు సందులోంచి చూసింది.

“మళ్లీ కరెంటా? పోయిన నెల ఒకాయన మార్చాడు. అంతకుముందు ఇంకొకాయన. మా ఇంటికి ఎవరి కరెంటు వస్తోందో మా ఆయనకే తెలీదు.”

“కరెంటు అదేనమ్మా. తీగ కూడా అదే. బిల్లు పంపేవాళ్లే మారతారు.”

“అన్నీ అవే అయితే మరి మీరెందుకు?”

“అదే నాకూ తెలీదమ్మా.”

ఆవిడ నవ్వింది. నవ్వుతూనే తలుపు వేసింది.

మధ్యాహ్నం మెట్ల కింద నిలబడి అన్నం ముద్దలు రెండు తిన్నాడు. తర్వాత పదిహేడు తలుపులు తట్టాడు. మూడున్నరకు అయిదో బ్లాకులో రిటైరైన టాక్సీ డ్రైవరొకాయన దొరికాడు. బిల్లు కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు.

“మా ఆవిడ ఉన్నప్పుడు ఇవన్నీ తనే చూసేది. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు బాబూ.”

నెజు ముప్పై ఒక్క ప్రశ్నలూ బయటికి చదివాడు. ఆయన తొమ్మిదో ప్రశ్నకే ఆవులించాడు, చివర్న సంతకం పెట్టాడు.

నాలుగింటికి మళ్లీ నాలుగో అంతస్తు. దారిలో కొన్న పోస్టుకార్డు సంచిలో ఉంది. ఆవిడకు ఏం రాయాలో చెప్పి, తనే తీసుకెళ్లి పోస్టు చేద్దామనుకున్నాడు. గంట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. మీటరు వైపు చూశాడు.

నాలుగు వేల మూడు వందల పన్నెండు, చుక్క, ఎనిమిది.

అయిదున్నర గంటల్లో ఫ్రిజ్ ఒక్కటే అంత తీసుకుంటుంది. ఆ చలిలో ఇంట్లో మనిషి తిరుగుతుంటే కాళ్లు వెచ్చబెట్టుకునే కరెంటు బల్ల వేసుకుంటుంది, నీళ్లు కాచుకుంటుంది. బయటికి వెళ్లిందనుకుందామంటే తలుపుకు లోపలి గొలుసు వేసి ఉంది. పేపరు వేసే సందులోంచి కనిపిస్తోంది. మీటర్లు చదివే రోజుల్లో ఇలా అంకె కదలని ఇళ్ల గురించి కాపలాదారుకు రెండుసార్లు చెప్పాడు. ఒకసారి మనిషి బతికింది.

నెజు పిలిస్తే కాపలాదారు ఒయామా మారు తాళంచెవి, గొలుసు కోసే కత్తెర తెచ్చాడు.

“పొద్దున మీరు ఇటే ఎక్కుతుంటే చూశాను. అప్పుడు పలికిందా?”

“నేను గంట కొట్టలేదు.”

“మరి ఎందుకు ఎక్కారు?”

నెజు తలుపు లాగి పట్టుకున్నాడు, ఒయామా గొలుసు కోశాడు.

హతానో ఫుసాయె వంటగది గడపకు అడ్డంగా, పక్కకు తిరిగి పడి ఉంది. ఒయామా వంగి మెడ తాకి చూశాడు. “ఇంకా వెచ్చగానే ఉంది,” అన్నాడు. నాడి వెతికి, “లేదు, పోయింది,” అన్నాడు. బిళ్ళ ఆవిడ గుప్పిట్లో ఉంది. ఒయామా అంబులెన్సుకు ఫోను చెయ్యడానికి బయటికి వెళ్లాడు.

నెజు బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. ఫోను బల్ల దగ్గర ఆగాడు. లైను తెగితే ఆ తెల్లపెట్టె మీద ఎర్రదీపం ఆగకుండా కొట్టుకుంటుంది. ఎదురుగానే, ఆ వెలుగు కళ్లలో పడేలా, ఆవిడ మంచం ఉంది. కొత్తగా లైను మార్చుకున్నవాళ్లకు నెజు కంపెనీ ఇచ్చే తువాలును ఆవిడ నాలుగు మడతలు పెట్టి ఆ పెట్టె మీద కప్పింది. బట్ట కింద ఎరుపు వెలుగుతోంది, ఆరుతోంది.