యాంప్లిఫయర్ అలక

తైవాన్‌లో తైచుంగ్‌లోని మా తూకం యంత్రాల షెడ్డులో ప్రతి యంత్రం మీదా మొక్కజొన్న చిరుతిండి ప్యాకెట్ ఒకటి ఉంటుంది. ఆకుపచ్చదే కావాలి. అదుంటే యంత్రం బుద్ధిగా పనిచేస్తుందని అందరి నమ్మకం, మా ఆయన కున్‌షాన్‌కి మరీను.

ఆ పొద్దున ఆయన బరువు సెన్సరు సంకేతాన్ని పెంచి తెరకి పంపే యాంప్లిఫయర్‌ని సరిచేసి, టీకి వెళ్లాడు. సెన్సరు పళ్లెం మీద కూడా ప్యాకెట్ కనబడేసరికి నాకు ఒళ్లు మండి, తీసి పక్కన పడేశాను. తెర మీది అంకె సున్నా నుంచి మైనస్‌లోకి దిగింది.

"చూశావా, అలిగింది!" అన్నాడు ఆయన వస్తూనే.

"అలగడానికి అదేమన్నా మీ అమ్మా?"

ఆయన ప్యాకెట్ మళ్లీ పెట్టాడు. సున్నా వచ్చింది. ఆయన మొహం వెలిగిపోయింది.

అప్పుడర్థమైంది నాకు. ఈ మహానుభావుడు ప్యాకెట్‌ని పళ్లెం మీదే ఉంచి సున్నా పెట్టాడు! నోటిదాకా వచ్చిన తిట్టు, ఆ మొహం చూసి మింగేశాను.

ఆయన అటు తిరగగానే పళ్లెం ఖాళీ చేసి సున్నా పెట్టాను. తూకంరాళ్లు ఎక్కించి సరిచూశాను. ప్యాకెట్‌ని యాంప్లిఫయర్ నెత్తిన నిలబెట్టాను.

"పళ్లెం మీంచి తీసేశావా? మరి అలగలేదేం?"

"బతిమాలాన్లెండి. మీకంటే నయం, ఒక్కసారికే విన్నది."