ఎనిమిదింటి ఫోను

హైదరాబాద్ పోవాలనుకున్నది ముగ్గురు. హలీం తినాలి, చార్మినార్ దగ్గర గాజులు వేసుకోవాలి, రంజాన్ నెలలో రాత్రి కూడా పగలులాగే ఉండే ఆ వీధుల్లో కాళ్లు పీకేదాకా తిరగాలి అని ముచ్చటపడ్డదీ ముగ్గురే. భయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం దేవుడు సమానంగా పంచలేదు. ఉన్నదంతా తెచ్చి వనజ ఒళ్లో పోశాడు.

నవీనకు సిరిసిల్ల గాంధీ చౌక్ వెనక బ్యూటీ పార్లర్ ఉంది. ఆమె మొగుడు పెళ్లయిన నాటి నుంచీ "సరే" అనే ఒక్క మాటతో కాపురం నెట్టుకొస్తున్నాడు. జమునక్క అంగన్‌వాడీ టీచర్. పదేళ్ల కింద భర్త పోయినప్పుడు ఊరు అనాల్సినవన్నీ అనేసింది కాబట్టి, కొత్తగా అనడానికి ఊరి దగ్గర సరుకు లేదు. వనజ మొగుడు శ్యాంసుందర్ మాత్రం దుబాయ్‌లో ఉన్నాడు. అంత దూరాన ఉన్న మొగుడికి భయమేమిటని మీరు అడగవచ్చు. సిరిసిల్లలో ఎవరూ అడగరు. దుబాయ్‌లో ఉన్న మొగుడు పక్కింట్లో ఉన్న అత్త లాంటివాడు, అన్నీ కావాలి. రోజూ రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్. తిన్నవా, ఎవలొచ్చిండ్రు, నీ వెనక ఎవలు, గా చప్పుడేంది. మూడేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు.

తప్పింది ఒక్కసారే. రెండేళ్ల కింద ఈ ఇద్దరితోనే కరీంనగర్ వెళ్లి సినిమా చూసింది వనజ. ఇంటర్వెల్‌కు ముందే ఎవరో పుణ్యాత్ముడు ఆ కబురు దుబాయ్ చేరవేశాడు. శ్యాంసుందర్ తిట్టలేదు. తొమ్మిది రోజులు ఫోన్ చేయలేదు, ఈమె చేస్తే ఎత్తలేదు. ఆ తొమ్మిది రోజులూ ఎనిమిదింటికి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది వనజ. అత్త కమలవ్వ ఎదురుగా కూర్చుని, కొడుకును ఈమే ఎక్కడో దాచిపెట్టినట్టు చూసేది. తిట్టు అయితే వచ్చి పోతుంది, మౌనం వచ్చి ఇంట్లో తిష్ట వేస్తుంది. ఆ తొమ్మిది రోజులు మళ్లీ రాకూడదు, అంతే వనజకు కావలసింది.

"చెప్పేసెయ్ రాదే" అంది నవీన, పార్లర్‌లో ఎవరి కనుబొమలకో దారం పెడుతూ.

"చెప్తే వద్దంటడు. వద్దన్నంక పోతే గది ఇంక పెద్దగైతది."

"మరి మానుకుంటవా?"

మానుకోవాలని కూడా లేదు. నలభై ఏళ్లు నిండాయి. సాంచెల, అంటే మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి, అదే చప్పుడు మధ్య కాపురానికి వచ్చి, రోజూ పొద్దంతా ఆ సాంచెల మీద నేసిన గుడ్డను బల్ల మీద పరిచి ఎక్కడ దారం తెగిందో, ఎక్కడ మరక పడిందో వెతకడమే ఆమె పని. ఒక్క రెండు రాత్రులు తప్పులు వెతకకుండా ఉండాలని ఉంది. జమునక్క కోరిక ఇంకా పెద్దది. పాటలు పెట్టి రంగురంగుల లైట్లు తిప్పే హోటల్‌కు పోవాలట. "నలభై ఏండ్లు బతుకమ్మ సుట్టే తిరిగిన. సుట్టు తిరగకుంట ఎట్ల ఆడుతరో ఒక్కసారి సూడాలె" అంది.

కమలవ్వ వచ్చే ఆదివారం బయలుదేరి వారం రోజులకు ధర్మపురిలో కూతురింటికి పోయేది ఖాయమైంది. ఆ శుక్రవారం పొద్దున వీళ్లకు హైదరాబాద్ బస్సు, ఆదివారం తిరుగు బస్సు. అడ్డమున్నవి రెండు ఎనిమిదింటి ఫోన్లు.

ఉపాయం చెప్పింది జమునక్కే. "ఆయన చూసేది నీ మొఖం, నీ వెనక గోడ. మొఖం ఎట్లాగూ నీతోనే వస్తది. గోడను కూడ తీస్కపోదాం."

గోడంటే గోడ కాదు, పరదా. వనజ ఇంట్లో నడిమి గదికి నీలి గళ్ల పరదా ఉంది. దాన్ని తీసి, కూర్చునే చోటికి వెనక రెండు మేకులకు కట్టాలి. శ్యాంసుందర్ కళ్లకు నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. తర్వాత పరదా మడిచి సంచిలో పెట్టుకుపోతే, లాడ్జి గదిలో కట్టుకున్నా ఇల్లే అనుకుంటాడు. ఎనిమిదింటికి పది నిమిషాలు గదిలో ఉండి, ఫోన్ పెట్టేసి బజారున పడటమే. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. వనజ మాత్రం మేకులు ఆగుతాయా అని రెండుసార్లు అడిగింది.

సోమవారం నుంచి తాలీము మొదలు. నవీన పక్కన నేల మీద కూర్చుని, కెమెరాకు చిక్కకుండా, సైగలతో పాఠం చెప్పింది. ఫోను మొఖానికి దగ్గరగా పట్టుకో, పరదా అంచులు కనబడొద్దు. చెయ్యి కదిలించకు. బయట చప్పుడైతే మ్యూట్ నొక్కు, తర్వాత సిగ్నల్ పోయిందని చెప్పు. వనజ ఫోను పక్కకు వాలి పరదా అంచు కనబడింది.

"నీ వెనక ఏందది?" అన్నాడు శ్యాంసుందర్.

"గోడ పెచ్చులూడుతుంది. పరదా కట్టిన."

"మంచిగనే ఉన్నది" అన్నాడు. అంతే. నమ్మాడు. నమ్మినందుకు సంతోషం కలగలేదు వనజకు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మంగళవారం కొంచెం నయం. బుధవారానికి చెయ్యి కుదిరింది. ఇన్నేళ్లూ వీడియో కాల్ అంటే తెర మూలన చిన్న డబ్బాలో కనిపించే తన బొమ్మనే చూసుకునేది వనజ. జుట్టు సరిగా ఉందా, మొఖంలో ఏమైనా కనబడుతోందా అని. పరీక్ష రాసే పిల్ల పక్క కాగితం చూస్తుందా? బుధవారం మొదటిసారి భయం కాస్త సడలి, తన బొమ్మ మీంచి చూపు తీసి మొగుడి వైపు చూసింది.

ఫోను మొఖానికి మరీ దగ్గరగా పట్టుకున్నాడు. చెయ్యి కదపడం లేదు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ మ్యూట్ గుర్తు వెలుగుతోంది, తాను మాట్లాడేటప్పుడే తీస్తున్నాడు. పాము కాళ్లు పాముకెరుక. 

అతని వెనక తెల్ల గుడ్డ కట్టి ఉంది. ఎన్నాళ్ల నుంచి ఉందో ఆమెకు గుర్తు రాలేదు. ఇదివరకు ఫోను తిప్పి మంచాలు చూపించేవాడు, వంటగదిలో పప్పు చూపించేవాడు. మెట్‌పల్లి ఓంప్రకాశ్ అని గదిలో ఒకడుండేవాడు, మధ్యలో తల దూర్చి "వదినా, మంచిగున్నవా" అని అడిగేవాడు. ఆ గొంతు విని నాలుగు నెలలైంది. దీపావళి తర్వాత వినలేదు.

ఇక ఆమె కళ్లు ఊరుకోలేదు. రోజుకు ఎన్ని వందల మీటర్లు చూసిన కళ్లవి. అది దుకాణంలో కొన్న దుప్పటి కాదు. అద్దకం కాని, ఉతకని, సాంచె మీద నుంచి కోసిన గుడ్డ. నిలువునా సన్నటి గీత ఉంది, పడుగు దారం తెగినా చూసుకోకుండా నేసుకుంటూ పోయారు. దీన్నెవరు పాస్ చేశారని ముందు కోపం కూడా వచ్చింది, అలవాటు మరి. కింద మూలన నీలి సిరాతో సాంచె నంబరు రాసి ఉంది. తలకిందులుగా ఉంది కానీ, అది మరాఠీ పద్నాలుగు. వనజ చిన్నప్పుడు బాపు బొంబాయి పక్కన భివండిలో సాంచెలు నడిపాడు, ఆమె రెండో తరగతి దాకా అక్కడి బడిలోనే చదివింది. ఆ అంకెలు దిద్దిన చెయ్యి ఆమెది. దుబాయ్‌లో సాంచెలెక్కడివి?

"ఏందే గట్ల చూస్తున్నవ్?" అన్నాడు శ్యాంసుందర్.

"ఏం లే. సిగ్నల్ పోయింది" అంది వనజ.

గురువారం పనిలో ఏం చేసిందో ఆమెకే తెలియదు. మరకలున్న గుడ్డను మంచి గుడ్డలో కలిపింది, మంచిదాన్ని పక్కన పడేసింది. దెబ్బ తగిలిందా, కేసేమైనా అయిందా, ఇంకెవతైనా ఉందా? అడిగితే ఏమవుతుంది? ఫోను పెట్టేస్తాడు. ఈసారి తొమ్మిది రోజులతో పోతుందా? ఎక్కడున్నాడో తెలియని మనిషి ఫోను ఆపేస్తే ఎవరిని పట్టుకుని వెతకాలి? అడగకపోతే రేపు బస్సెక్కి హలీం ఎట్లా తింటుంది? ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు సాయంత్రం దాకా కొట్టుకుంది ప్రాణం.

ఏడున్నరకు జమునక్క, నవీన సంచులతో వచ్చారు, పొద్దున ఇక్కడి నుంచే బయలుదేరుదామని. వనజ సంగతంతా చెప్పింది. నవీన సంచి కింద పెట్టేసింది. జమునక్క మాత్రం చెయ్యి పట్టుకుని, "అడుగు. మేం ఇక్కడనే ఉన్నం" అంది.

ఎనిమిదికి ఫోను మోగింది.

"తిన్నవా?" అన్నాడు శ్యాంసుందర్.

"నువ్వు ఏడున్నవ్?"

"ఏడుంట? రూంల."

"ఓంప్రకాశ్ ఏడి?"

"గాయనకు డ్యూటీ మారింది. ఏమైంది నీకు గియ్యాల?"

వనజ లేచి నిలబడింది. ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో వెనక పరదా లాగింది. ఒక మేకు ఊడి వచ్చింది. గోడ పెచ్చులేమీ ఊడలేదు, శుభ్రంగా ఉంది. ఫోను తిప్పి నేల మీద కూర్చున్న ఇద్దరినీ, సంచులనూ చూపించింది.

"రేపు వీళ్లతోని హైదరాబాద్ పోతున్న. నీకు తెల్వకుంట పోదామని గీ పరదా కట్టిన. నాలుగు దినాల సంది నీతోని అబద్ధం ఆడుతున్న. నాది ఇప్పేసిన. నీది కూడ ఇప్పు."

శ్యాంసుందర్ కదల్లేదు. మ్యూట్ గుర్తు వెలుగుతూనే ఉంది. పెట్టేస్తాడు, ఇప్పుడు పెట్టేస్తాడు అనుకుంది వనజ.  నవీన కళ్లు మూసుకుంది.

మ్యూట్ పోయింది. అతని మాట కంటే ముందు చప్పుడొచ్చింది. పుట్టినప్పటి నుంచి విన్న చప్పుడు, నిద్రలో విన్నా గుర్తుపట్టే చప్పుడు. పక్క గదిలోనే సాంచెలు ఆడుతున్నాయి. ఇన్నాళ్లూ అతని మాటల సందున వినబడితే తన వీధి చప్పుడే అనుకుంది.

"భివండి" అన్నాడు. "కంపెనీ మూతబడ్డది. అందరిని పంపిచ్చిండ్రు. బొంబాయిల దిగిన గని, ఇంటికి రావాలంటే కాళ్లు రాలే. దుబాయ్ పోయి పోయి మల్ల సాంచెల కాడికే వచ్చిండని నవ్వుతరు. మనోళ్లుండే దిక్కు పోకుంట వేరే గల్లీల ఉంటున్న."

ప్రాణాలతో ఉన్నాడు, దెబ్బ లేదు, కేసు లేదు. వనజ ముందు ఆ మూడూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆ తర్వాత వచ్చింది కోపం.

"నాలుగు నెలల సంది ఒక్క బస్సు దూరంల ఉన్నవ్" అంది. "గక్కడ కూసోని, నా ఇంట్ల నా వెనక ఎవలున్నరని అడిగినవ్."

అతను తల దించుకున్నాడు. "అవ్వకు చెప్పకు" అన్నాడు.

"నేను చెప్ప. నువ్వే వచ్చి చెప్పు."

"హైదరాబాద్... సరే, జర పైలంగ పోయి రా."

"నిన్ను అడగలే. చెప్తున్న" అంది వనజ. "రేపు ఎనిమిదింటికి ఫోన్ నేనే చేస్త. ఎత్తు."

శుక్రవారం చార్మినార్ ఎదుట ఇసుక వేస్తే రాలనంత జనం. గాజుల దుకాణాల లైట్లకు కళ్లు చెదిరిపోతున్నాయి, కబాబుల పొగ వీధంతా కమ్మింది. నవీన రెండు కప్పుల హలీం అప్పుడే ముగించి మూడోదాని వైపు చూస్తోంది. జమునక్క గాజులవాడితో ఉర్దూలో బేరమాడుతోంది, ఆమెకు ఉర్దూ వచ్చని ఆమెకే ఆ రోజు తెలిసింది. వనజ చేతిలో హలీం కప్పు అట్లాగే ఉంది. 

ఎనిమిదికి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. అంతే. సిగ్గుపడ్డ మొగవాడు ఏం చేస్తాడో ఎవరికి తెలుసు? భివండి నుంచి ఇంకెక్కడికైనా పోతే? సిమ్ తీసి పారేస్తే? తానే తరిమేసిందా? పరదా పీకకుండా ఉంటే రోజూ ఎనిమిదింటికి ఆ అబద్ధపు మొఖమైనా కనబడేది కదా. మూడోసారి నొక్కింది. జమునక్క గాజులు వదిలేసి వచ్చి పక్కన నిలబడింది.

ఆఖరి రింగుకు ఎత్తాడు. తెరంతా చీకటి, ఊగుతోంది. ఎవరో మరాఠీలో ఊళ్ల పేర్లు అరుస్తున్నారు. తర్వాత శ్యాంసుందర్ మొఖం కనబడింది. భుజాన సంచి, వెనక బస్సు.

"సీటు కోసం కొట్లాడుతున్న, అందుకే ఎత్తలే" అన్నాడు ఆయాసపడుతూ. "రేపు పగటీలికి సిరిసిల్లల దిగుత. తాళంచెయ్యి ఏడ పెట్టినవ్?"

వనజకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జనంలో నిలబడి, హలీం కప్పు పట్టుకుని ఏడ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. ఎవరి తిండి వాళ్లది.

"పక్కింటి పోశవ్వ దగ్గరున్నది" అంది ముక్కు తుడుచుకుని. "బియ్యం డబ్బాల ఉన్నయ్. నేను ఆదివారం గని రాను, అప్పటిదాక నువ్వే వండుకొని తిను."